చేపల్లేని చెరువు గట్టున మా మావయ్య

మా మావయ్యకు పిచ్చి పట్టిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చేపలన్నీ చచ్చిపోయిన చెరువులో గాలం వేసుకుని, ఏళ్ల తరబడి గట్టు మీద కూర్చుని, చివరికి ఆ గట్టు మీదే జ్వరం తెచ్చుకుని పోయాడట. ఈ కథ చెప్పేవాళ్లు మధ్యలో ఒకచోట ఆగి నవ్వుతారు కూడా. మొన్న రాజాంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, నాకు వరసకు వదిన అయ్యే ఆవిడ, నేనెవరి మేనకోడలినో తెలిసుండీ, నా ఎదురుగానే కొత్త కోడలికి ఈ కథ వినోదంగా చెప్పింది. నేను విస్తరి ముందు నుంచి లేవలేదు గానీ నోరు మూసుకుని మాత్రం తినలేదు. పిచ్చివాడు రుతువు చూసుకుని వస్తాడా వదినా, అని అడిగాను. చదువుకున్నదానివి, నీతో ఎవరు వాదిస్తారమ్మా అంది ఆవిడ. మా వైపు ఆడవాళ్లకు జవాబు లేనప్పుడల్లా నా చదువు గుర్తొస్తుంది.

నేనడిగినదాంట్లో తప్పేముంది? మా మావయ్య ఎప్పుడు పడితే అప్పుడు చెరువుకు వెళ్లి కూర్చోలేదు. ఏ నెలలో చేప ఎక్కడ ఉంటుందో ఆ నెలలో అక్కడే కూర్చున్నాడు. తొలకరిలో కాలువ నోటి దగ్గర, మాఘంలో ఎండ పడే రాతి పక్కన, ఫాల్గుణంలో నీళ్లు నడిమికి జారాక మడుగు ఒడ్డున. చేపపిల్లలు తిరిగే రోజుల్లో అసలు రాలేదు. ఇంత లెక్కగా పిచ్చి ఎవరికి పడుతుందో నాకు చూపించండి.

ఇంకో కథ కూడా ఉంది. అది మా నాన్న వైపువాళ్లు చెప్పేది. ఆ ఏడు వానలు తప్పాయి, చెరువు ఎండింది, చేపలు పోయాయి, అంతే, అందులో ఎవరి తప్పూ లేదు అని. వానలు తప్పిన మాట నిజం. చెరువు సగానికి పడిపోయిన మాటా నిజం. మిగతాది అబద్ధం. అక్కడున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

అరవైల చివర. నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి కాలేజీలో చదువుతున్నాను. మా ఊరు రాజాంలో బస్సు దిగి నడిచేంత దూరం. మా అమ్మను ఊళ్లోనే ఇచ్చారు, కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ రెండు వీధుల తేడాలో ఉండేవి. అమ్మకు అన్నయ్య మా మావయ్య. నాన్న ఆయన్ని బావా అనేవాడు, ఆయనా నాన్నను బావా అనేవాడు. ఇద్దరూ వరి పండించుకునేవాళ్లే. ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క వ్యసనం గాలం. చుట్ట కూడా గాలం వేసినప్పుడే కాల్చేవారు, ఒకే చుట్టను మార్చుకుంటూ.

మా పొలాల్లో అన్నిటికన్నా పల్లపు మడి చెరువును ఆనుకుని, చెరువుకన్నా కాస్త ఎత్తులో ఉండేది. మడిలో ఎక్కువైన నీళ్లు ఒక చిన్న కాలువగుండా చెరువులోకి దిగేవి. ఆరుద్ర కార్తెలో వానలు గట్టిగా పడి ఆ కాలువ పారిందా, చెరువులో చేపలు ఆ పారే నీటికి ఎదురీది మా మడిలోకి ఎక్కేవి, గుడ్లు పెట్టడానికి. పరిగెలు, జెల్లలు, వాలుగలు, అన్నీ. వాటి వెనక కొర్రమీను. ఊళ్లో మిగతావాళ్లు కాలువలకు అడ్డంగా బుట్టలు పెట్టి ఎక్కేవాటిని ఎక్కినట్టే పట్టుకునేవాళ్లు. మా కాలువలో మాత్రం బుట్ట పెట్టనిచ్చేవారు కాదు ఈ ఇద్దరూ. పురిటికి వచ్చినదాన్ని గుమ్మంలో పట్టుకుంటారేటి అనేవాడు మావయ్య.

కొర్రమీను పిల్లల్ని చూశారా ఎప్పుడైనా? నీళ్లలో గుప్పెడు కుంకుమ చల్లితే అది కరగకుండా కదులుతూ పోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ గుంపు. దాని కిందే తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ గుంపు దగ్గర ఏం పడినా వచ్చి కరుస్తాయి. కప్ప పడినా, ఆకు పడినా, ఉత్త కొక్కెం పడినా. అప్పుడు కొర్రమీనును పట్టడం కన్నా తేలిక పని లేదు. అందుకే వీళ్లు పట్టేవారు కాదు. మావయ్య ఒకసారి నాతో అన్న మాట ఇది: “ఆకలికి కరిసిన సేపని పట్టాలి గానీ, కోపానికి కరిసినదాన్ని పట్టీడం ఏటి గొప్పే?”

భాద్రపదం దాకా పిల్లలు వరి దుబ్బుల మధ్య పెరిగేవి. కార్తీకంలో మా ఇళ్లలో చేప వండరు. కోతకు ముందు మడి ఆరబెట్టాలి కదా, అప్పుడు నాన్న చెరువు వైపు గట్టుకు గండి కొట్టేవాడు. నీళ్లతో పాటు పిల్లలన్నీ కాలువలోంచి చెరువులోకి దిగేవి. ఆ రోజు మా ఇంట్లో ఒక చిన్న పండగ. అమ్మ దోసెడు నూకలో తవుడో ఇచ్చేది, నాన్న గండి దగ్గర చల్లేవాడు. మావయ్య దిగువన మోకాళ్ల లోతులో నిలబడి కాళ్ల చుట్టూ పోయే పిల్లల్ని చూస్తూ ఉండేవాడు, చేతిలో వల లేకుండా. సారె పెట్టి పంపుతున్నాం అనేవారు. మావయ్య కిందనుంచి, సారె తక్కువైనాది బావా, నీ ఇంట్లో ఎప్పుడూ ఇంతే, మా చెల్లికీ ఇలాగే పెట్టినావు అని కేకేసేవాడు. పెట్టవలసింది మీరు, మేం కాదు అని అమ్మ ఇటునుంచి.

పుష్యం, మాఘాల్లో నీళ్లు తేరి, చలికి చేప లోతుకు పోతుంది. అప్పుడు మధ్యాహ్నం ఎండపొద్దున రాతి పక్కన ఎర్రలు గుచ్చి గాలం. ఫాల్గుణం, చైత్రాల్లో నీళ్లు మడుగులోకి జారతాయి. అది కొర్రమీను కాలం. బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చి, తెల్లవారుతూ ఒకసారి, పొద్దు వాలుతూ ఒకసారి. వైశాఖంలో ఊరంతా అడుగులేని వెదురు బుట్టలు పట్టుకుని బురదలోకి దిగేది. అప్పుడు కూడా మడుగు నడిమిని మాత్రం ఎవరూ తొక్కకుండా ఈ ఇద్దరూ పోట్లాడేవారు. విత్తనం ఉండాలి కదా అని. వాళ్ల చెరువు కాదు. ఊరి చెరువు. అయినా వీళ్ల మాట చెల్లేది, ఎందుకంటే ఏటా చేపలుండేవి.

అప్పుడు వచ్చింది కొత్త వరి. వ్యవసాయం సలహాలు చెప్పే గ్రామసేవకుడు సైకిల్ మీద వచ్చి, మా నాన్న తలలో పెట్టి పోయాడు దాన్ని. పొట్టి వరి, ఎరువు వేస్తే పడిపోదు, గింజ బరువు. ఊళ్లో అందరికన్నా ముందు పల్లపు మడిలో నాన్నే వేశాడు. మావయ్య గట్టు మీద నిలబడి ఎగతాళి చేశాడు, బావా, నీ వరి నా మోకాలి దాకా రాలేదు, గడ్డి లేకపోతే పశువులకేటి పెడతావు అని. నాన్న, గింజ సూడు బావా, గడ్డి తినీవాడివి నువ్వేనేటి అన్నాడు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ తగాదా భోజనాల దగ్గర కూడా నడిచేది. ఇద్దరికీ అది మజాగా ఉండేది.

రెండో ఏడు ఆరుద్రలో బాగానే కురిసింది. చేపలు ఎక్కాయి, గుడ్లు పెట్టాయి. శ్రావణం నుంచి వాన ముఖం చాటేసింది. చెరువు సగానికి వచ్చింది. మడిలో నాన్న ఏతంతో నీళ్లు తోడి అడుగున కాస్త నీళ్లు నిలబెట్టాడు. ఆ పైన పురుగు పట్టింది. పొట్ట మీదున్న వరి తెల్లకంకులు వేసింది. గ్రామసేవకుడు మళ్లీ వచ్చాడు. ఎండ్రిన్ అనే మందు, అరువు తెచ్చిన పిచికారీ పంపు. నేను దసరా సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను. పొద్దున నాన్న ముక్కుకు తువ్వాలు కట్టుకుని మందు కొట్టాడు. మధ్యాహ్నం నేను రాగిపిండి, నూకలు వేసి కాచిన సోడంబలి పట్టుకుని వెళ్లాను.

వెళ్లేసరికి నాన్న పార పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. మడి అంచున, నీళ్లు కాస్త లోతుగా ఉన్నచోట, చేపపిల్లలు చేరి ఉన్నాయి. నా బొటనవేలంత, చూపుడువేలంత. నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతున్నాయి. నాన్న నావైపు చూడకుండానే గట్టు తవ్వడం మొదలెట్టాడు.

ఏం చేస్తున్నావు నాన్నా అన్నాను.

“పిల్లలు ఊపిరాడక కొట్టుకుంటన్నాయే. కిందన సెరువులో పెద్ద నీరు ఉన్నాది. అందులో పడితే బతుకుతాయి.”

మందు నీళ్లు కూడా వాటితోపాటే పోతాయి కదా అన్నాను. నేను అప్పటికే నోరున్నదాన్నే, ఇంట్లో అందరితో వాదించేదాన్నే. ఇంత నీటికి అంత సెరువు ఏటవుద్దే, ఒక సుక్క, అన్నాడు నాన్న. చెరువు సగమే ఉందని ఇద్దరికీ తెలుసు. కానీ పిల్లలు మా కాళ్ల దగ్గరే కొట్టుకుంటున్నాయి. ఏటా చేసే పని అది. గండి కొట్టడం, పిల్లల్ని దింపడం. ఆ చేతులకు మరో ఉపాయం తెలియదు. గట్టు తెగింది, నీళ్లు జరజరా కాలువలోకి దిగాయి, పిల్లలూ దిగాయి. నాన్న ఒక్క గుక్క తాగి, మిగిలిన అంబలిని నూకలతో సహా గండి దగ్గర ఒంపేశాడు. నెల ముందే పంపుతున్నాం కదా, సారె లేకుండా ఎలాగ అన్నాడు. నవ్వడానికి చూశాడు కూడా.

మర్నాడు పొద్దున్నే ఊరంతా చెరువు దగ్గర ఉంది. కాలువ నోటి నుంచి మడుగు దాకా నీళ్ల మీద తెల్లగా పొట్టలు. చిన్నవి ముందే పోయాయి. కొర్రమీనుకు ప్రాణం గట్టిది, అది పైకొచ్చి గాలి పీల్చి బతికే జాతి. అది అంత తొందరగా చావదు. పైకొస్తుంది, నోరు తెరుస్తుంది, ఒక సుడి తిరుగుతుంది, మునుగుతుంది, మళ్లీ వస్తుంది. పొద్దెక్కేదాకా అలాగే. ఆ ఏడు రెండోసారి పెట్టిన పిల్లలు కాలువ నోటి దగ్గరే ఉన్నాయి కాబట్టి పెద్దవన్నీ అక్కడే కాపలా ఉన్నాయి. పారిపోగలిగినవి కూడా పారిపోలేదు. పిల్లల గుంపు ఎరుపు పోయి మాసిన నూలు పోగులా నీళ్ల మీద తేలుతుంటే, దాని కింద అవి తిరుగుతూనే ఉన్నాయి.

జనం బుట్టలు తెచ్చారు. ఊరికే వచ్చిన కూర. మావయ్య నీళ్లలో దిగి ఉన్నాడు. బుట్టలు లాగి ఒడ్డుకు విసిరేస్తున్నాడు. ఇది సేప కాదు, మందు, ముట్టకండి అంటున్నాడు. తిట్టినవాళ్లు తిట్టారు, దొంగతనంగా పట్టుకెళ్లినవాళ్లు పట్టుకెళ్లారు. తర్వాత ఆయన కాలువ వెంట పైకి నడిచి మా మడి దాకా వచ్చాడు. గండి దగ్గర వంగి చాలాసేపు చూశాడు. తవ్విన మట్టి మీద చెయ్యి పెట్టాడు. అప్పటికి నాన్న, అమ్మ, నేను, ఊళ్లో సగం మంది గట్టు మీదకు చేరాం.

మావయ్య లేచి నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా అడిగాడు: “ఈ గండి ఎవులు కొట్టినారు?”

“నానే బావా,” అన్నాడు నాన్న.

మావయ్య ఇంకా ఏదో వస్తుందని నిలబడ్డాడు. నాన్న చేతిలో ఏమీ లేదు, అయినా పార పట్టుకున్నట్టే వేళ్లు ముడిచి ఉన్నాడు. నేను నోరు తెరవబోతే అమ్మ నా జబ్బ పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు. మగవాళ్ల మధ్యకు ఆడపిల్ల వెళ్లకూడదని కాదు, మా అమ్మకు అటువంటి పట్టింపులు లేవు. తన భర్త తనంతట తాను చెప్తాడని ఆమె ఆశ.

ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేను ఏళ్లపాటు ఆలోచించాను. పిల్లల్ని బతికించాలని గండి కొట్టాను అంటే, మందు నీళ్లు చెరువును ఏం చేస్తాయో తెలీని వెర్రివాడినని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. కొత్త వరి ముందుగా వేసినవాడు, గ్రామసేవకుడికి కుర్చీ వేసినవాడు, అంత మాట అనలేకపోయాడు. పంట కోసం చెరువును చంపిన దుర్మార్గుడని అనిపించుకోవడమే ఆయనకు తేలికైంది. మా నాన్న మంచివాడని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ రోజు మాత్రం ఆయన పిరికివాడు.

సరే బావా, అన్నాడు మావయ్య. ఆయన నోట బావా అన్న మాట అదే ఆఖరు. ఆ సాయంత్రం దాకా తన పొలం గట్టున గోతులు తవ్వి చచ్చిన చేపల్ని పూడుస్తూ ఉన్నాడు. నాన్న ఆ ఏడు పల్లపు మడి కోయించలేదు, అది తెలుసా ఎవరికైనా? తెల్లకంకులు అలాగే ఎండిపోయాయి. పంట కోసం చంపాడని చెప్పేవాళ్లు ఆ మాట ఎందుకు చెప్పరు?

మరుసటి ఏడు ఆరుద్రలో కాలువ పారింది. ఒక్క పరిగె కూడా ఎదురెక్కలేదు. కప్పలు కూడా అరవలేదు ఆ ఏడు. వాన వెలిసిన పొద్దున, మావయ్య గాలపు కర్ర పట్టుకుని కాలువ నోటి దగ్గర, సరిగ్గా మా మడికి ఎదురుగా కూర్చున్నాడు. మా వాకిట్లో నిలబడితే కనబడేటంత తిన్నగా.

అప్పటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్నకు అది తన మీద పెట్టిన కాపలాలా కనిపించింది. సేపల్లేవని ఆడికి తెలీదేటి, నన్ను ఊరికి సూపించడానికి కూకున్నాడు అనేవాడు. పల్లపు మడికి వెళ్లడం మానేశాడు. తర్వాత దాన్ని కౌలుకిచ్చాడు. బజారుకు పోవాలన్నా చెరువుగట్టు దారి వదిలి చుట్టూ తిరిగి పోయేవాడు. అమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. మా అన్నయ్యకు పగ పట్టడం రాదు, చేప మళ్లీ వస్తుందేమో చూస్తున్నాడు, మొదటి చేప పడిన రోజున మన గుమ్మంలోకి తెస్తాడు చూడండి అనేది. చేపల పులుసు పెట్టే మట్టి దాకను ప్రతి ఫాల్గుణంలోనూ అటక మీంచి దింపి, తోమి, ఎండలో బోర్లించేది. ఎండలో దాక, ఎదురుగా గట్టు మీద అన్న, లోపల గోడవైపు తిరిగి పడుకున్న మొగుడు. ఆదివారాలు ఉపవాసం ఉండి అరసవల్లి వైపు దండం పెట్టుకునేది. ఏమని మొక్కుకున్నావని అడిగితే, ఒక్క చేప అనేది.

నేను డిగ్రీ పూర్తి చేసి ఇంటికొచ్చిన ఏడాది ఇక ఊరుకోలేకపోయాను. పొద్దు వాలుతుండగా గట్టు మీదకు వెళ్లాను. మావయ్య మడుగు ఒడ్డున కూర్చుని ఉన్నాడు. తాడు నీళ్లలో ఉంది. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది కాబట్టి అక్కడ, కాలం తప్పకుండా. నేను చుట్టూ తిప్పి మాట్లాడే మనిషిని కాను. మావా, నాన్న గండి కొట్టింది పిల్లల్ని దింపడానికే, చంపడానికి కాదు, నేను పక్కనే ఉన్నాను అన్నాను.

ఆయన తల తిప్పలేదు. “తెలుసే గుంటా. గండి మట్టి మీద అంబలి నూకలు ఉన్నాయి. సారె పెట్టినాడు.”

ఆ పొద్దున వంగి చూసింది అదన్నమాట. తెలిసీ ఇన్నేళ్లు ఇలా కూర్చున్నాడన్నమాట. నా ఒళ్లు మండిపోయింది. తెలిస్తే మాట్లాడవేం, మా అమ్మ ముఖం చూశావా ఎప్పుడైనా, నువ్వే ఒక మాట అడిగితే నీ సొమ్మేం పోతుంది అని నోటికొచ్చినట్టు అన్నాను.

“నాను అడిగినాను. అందరి ముందరా అడిగినాను. నానే బావా అన్నాడు. ఆ పైమాట ఆడు సెప్పాల.” తాడు మీంచి చూపు తియ్యకుండా, “అటు జరుగు. నీ నీడ నీళ్లల్లో పడతన్నాది,” అన్నాడు.

నేను జరిగాను. చేపలున్న చెరువులో నీడ పడకూడదు, అది చిన్నప్పటి నుంచి నాకు ఈ ఇద్దరూ నేర్పిందే. చేపల్లేని చెరువులో నీడ పడితే ఎవరు బెదురుతారు? అది అడగాలని ఇంటి దాకా వచ్చాక తోచింది.

నాన్నకు మొత్తం చెప్పాను. ఆయనకు తెలుసు నాన్నా, అంబలి చూశాడు, నీ నోటితో ఒక్కమాట కావాలంతే అన్నాను. నాన్న లేచి కండువా వేసుకుని బయల్దేరాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఈసారి మెత్తగా. ఇద్దరం వాకిట్లో నిలబడి చూశాం. గట్టు ఎక్కాడు. తాటిచెట్టు దాకా వెళ్లాడు. అక్కడి నుంచి పిలిస్తే మావయ్య పలికేటంత దూరం. అక్కడ ఆగాడు. ఎంతసేపో ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఏం అని అడిగితే, “గాలం ఏసుకుని ఉన్నాడు. సేపకి కూకున్నోడిని కదపకూడదు కదా,” అన్నాడు.

ఆ మర్యాద నిజమైనదే. మా వైపు గాలం వేసినవాడిని పలకరించరు. అతనే తాడు పైకి తీసి చుట్ట వెలిగించుకునేదాకా ఆగుతారు. ఇది సాకు అని నేను అరిచాను. అమ్మ ఎండబెట్టిన దాకను లోపలికి తెచ్చి అటక మీద పెట్టేసింది. మళ్లీ దింపలేదు.

ఇంకో రెండు మూడు తొలకరులు గడిచాయి. తర్వాత ఒక ఆరుద్రలో తడిసి జ్వరం తెచ్చుకుని మావయ్య పోయాడు. నాన్న వెళ్లాడు. పాడె మోశాడు. ఎవరూ పిలవకుండానే ముందు కొమ్ము భుజాన పెట్టుకున్నాడు. చెరువుగట్టు మీదుగానే పోయారు. ఇన్నేళ్లలో ఆయన ఆ గట్టు మీద అంత దూరం నడవడం అదే మొదటిసారి.

దినవారాలు అయిపోయాక ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. ఆయన నన్ను ఏనాడూ ఏదీ అడిగి ఎరగడు, నేనే ఎదురు ప్రశ్నలు వేసేదాన్ని. నువ్వు దగ్గరగా వెళ్లినావు కదా, ఆ గాలానికి ఎర ఉన్నాదేటే అన్నాడు.

నాకు తెలియదు. తాడు నీళ్లలో ఉంది. నేనున్నంతసేపూ ఆయన పైకి తియ్యలేదు. అదే చెప్పాను.

నాన్న అడిగింది ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఎర ఉంటే మావయ్య చేప కోసం కూర్చున్నట్టు. ఆకలితో, ఆశతో, అమ్మ చెప్పినట్టు. అప్పుడు తాటిచెట్టు దగ్గర ఆగిపోయిన మనిషి మర్యాద తెలిసినవాడు అవుతాడు. ఎర లేకపోతే ఆయన చేప కోసం కూర్చోలేదు. నాన్న కోసం కూర్చున్నాడు. కోపంతోనైనా సరే, ఎదురుచూస్తూనైనా సరే. అప్పుడు నాన్నకు ఆగడానికి ఏ అడ్డూ లేదు. నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది.

నేను మర్నాడే అత్త దగ్గరకు వెళ్లాను, మావయ్య భార్య దగ్గరకు. గాలపు కర్ర ఎక్కడ అని అడిగితే పెరట్లోకి చూపించింది. బీరపాదు పందిరికి గుంజగా పాతి ఉంది. అప్పటికే తీగ దాన్ని చుట్టుకుని పైకి పోయింది.

“కర్ర మంచిది, పారేయడం ఎందుకని పాతినాను. తాడూ కొక్కెం పిల్లలకి గుచ్చుకుంటాదని కోసి పారేసినాను,” అంది.

ఎర పెట్టేవాడా అత్తా అని అడిగాను. ఆవిడ నావైపు వింతగా చూసింది. పొద్దున లేస్తే నాకు పేడ, పాలు, వంట, ఆయన కొక్కేనికేటి కట్టుకున్నాడో సూడ్డానికి నేను గట్టు మీదకి పోతానేటి అంది. కోపం లేదు ఆ మాటలో. అలసట ఉంది. నేను ఇంటికొచ్చి నాన్నతో ఏమీ తెలియలేదని చెప్పాను. ఆయన తలాడించి గోడవైపు తిరిగాడు. తర్వాత ఎన్నేళ్లో బతికాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పోయే ముందు జ్వరంలో మాత్రం నీడ, నీడ అని రెండు మూడుసార్లు అన్నాడు. మేం కిటికీ మూశాం. అది కాదేమో ఆయన అడిగింది.

ఇప్పుడు ఆ చెరువును ఏటా వేలం వేస్తున్నారు. లారీలో తెచ్చిన పిల్లల్ని వదులుతారు, మేత వేసి పెంచుతారు, ఒక్క రోజున వలలు లాగి పట్టుకుపోతారు. ఏ నెలలో ఏ చేప ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియనక్కర్లేదు. గాలం వేస్తే కాపలావాడు ఊరుకోడు. పల్లపు మడి కౌలుదారుడి నుంచి మరొకరికి, అక్కడి నుంచి ఇంకొకరికి పోయింది. కాలువ పూడిపోయింది. అమ్మ కూడా పోయింది. దాక నా దగ్గర ఉంది, అందులో నేనేమీ వండను.

పిచ్చివాడని చెప్పుకునే మా ఊరివాళ్లను నేనింకా అడుగుతూనే ఉన్నాను, పెళ్లిలో ఆ మాట తర్వాత వదినను కూడా ఇదే అడిగాను. మీ పశువుల్ని ఆ గట్టు మీదుగానే కదా తోలుకెళ్లారు, అన్నేళ్లూ, పొద్దునా సాయంత్రం, ఆయన వెనక నుంచే. ఎండకు తాడు ఆరబెట్టడానికో, కొక్కెం సర్దుకోవడానికో ఆయన ఎప్పుడో ఒకప్పుడు గాలం పైకి తీసే ఉంటాడు కదా. నవ్వుకుంటూ పోయినవాళ్లలో ఒక్కరైనా ఒక్కసారి దాని వైపు చూశారా? ఆ కొక్కేనికి ఎర ఉండేదా, లేదా?